టమాటా సాక్ష్యం

మా పెద్దవదిన గొంతు విననివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ నిలబడిందో, ఎప్పుడు కదులుతుందో చెప్పింది ఆవిడే. బెంచీ మీద గుర్రుపెట్టి నిద్రపోతున్న ప్రయాణికుడు ఉలిక్కిపడి లేచి తన బస్సు అందుకున్నాడంటే అదంతా ఆ గొంతు చలవే. మా పెద్దన్నయ్య ఆ రోజుల్లో బస్సు డ్రైవరు. రోజూ పేరు పెట్టి తన బస్సునే పిలుస్తుంటే, పిలిచేది తననే కాబోలనుకుని పెళ్ళి చేసుకున్నాడని మా ఇంట్లో ఒక వేళాకోళం. అందరూ ఆవిణ్ణి మైకు వదిన అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు, ఆవిడ మురిసిపోతుంది.

మాది మూడంతస్తుల ఇల్లు. కింద నేను, నా కుట్టుమిషను. మధ్య అంతస్తులో చిన్నన్నయ్య, చిన్నవదిన. పైన రెండు గదుల్లో పెద్దన్నయ్య, మైకు వదిన. పైన మిగిలిందంతా ఆరుబయలు డాబా.

రిటైరైన కొత్తలో మైకు వదినను చూస్తే మాకు భయం వేసింది. మైకుతోపాటు నోరు కూడా బస్టాండులోనే అప్పగించి వచ్చినట్టు ఒక మూల కూర్చునేది. పలకరిస్తే ఊ, లేకపోతే ఉహూ. పెద్దన్నయ్య నా దగ్గరికొచ్చి, "ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందే, నాకు ఊపిరాడట్లేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు చిన్నవదినే ఒక పగిలిన బకెట్టులో మట్టి పోసి, నాలుగు బెండ గింజలు గుచ్చి పైకి పట్టుకెళ్ళింది. "అక్కా, వీటికి కాస్త నీళ్ళు పోస్తుండు. రోజూ మెట్లెక్కడం నా వల్ల కాదు" అని వదిలేసి వచ్చింది. బెండ మొలిచిన రోజున డాబా మీద నుంచి మళ్ళీ ఆ గొంతు వినపడింది. ఆ బకెట్టు పక్కన ఇంకో బకెట్టు, దాని పక్కన కుండీ, ఆపైన సొర పాదు, బీర పాదు, పచ్చిమిర్చి. చూస్తుండగానే డాబా అంతా తోటైపోయింది.

ఆ తోటకి ఒక రవాణా వ్యవస్థ కూడా ఉంది. పిట్టగోడ మీద నుంచి నా కిటికీ దాకా ఒక తాడు, దాని కొసన వెదురుబుట్ట. కోసిన కూరగాయలు అందులోనే దిగుతాయి. దిగేముందు ప్రకటన తప్పదు.

"దయచేసి వినండి. రెండు సొరకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలతో కిందికి వెళ్ళు బుట్ట బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. మధ్య అంతస్తులో ఆగును."

వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. చిన్నవదిన కిటికీలోంచి చెయ్యి చాపి, తనకు కావలసింది తీసుకుని తాడు ఒకసారి గుంజేది. అప్పుడు బుట్ట మళ్ళీ కదిలి నా దగ్గరికి వచ్చేది.

ఆ బుట్టలోనే పుస్తకాలూ ఎక్కి దిగేవి. మా ఇంటిల్లిపాదికీ డిటెక్టివ్ నవలల పిచ్చి. పాత పుస్తకాల కొట్లో బేరమాడి తెచ్చేది నేను కాబట్టి ముందు చదివే హక్కు నాది. తర్వాత చిన్నవదిన, తర్వాత మైకు వదిన, ఆఖరున పెద్దన్నయ్య. ఇందులో ఒకటే చిక్కు. మైకు వదిన చివరి అధ్యాయం ముందు చదువుతుంది. హంతకుడెవరో తెలియకపోతే అన్నం సయించదట. తెలిశాక ఇంకా కష్టం, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పెద్దన్నయ్య ఇంకా మొదటి పేజీలోనే ఉంటాడు. ఈవిడ మొక్కలకి నీళ్ళు పోస్తూ, "ఆ వంటవాణ్ణి చూస్తే జాలేస్తుందండీ, అంత మంచిగా వడ్డిస్తున్నాడా, చివరికి వాడే" అంటుంది. పెద్దన్నయ్య పుస్తకం మూసి ఆకాశం వైపు చూస్తాడు. మా అన్నయ్య జీవితంలో దొంగ ఎవరో తెలియకుండా చదివిన డిటెక్టివ్ నవల ఒక్కటీ లేదు.

ఇక ఈ వేసవి సంగతి. ఎండలు ముదురుతుండగా డాబా మీద ఒక వింత జరిగింది. సోలారు హీటరుకి కాస్త ఇవతల, సిమెంటు నెర్రెలోంచి ఒక టమాటా మొక్క లేచింది. విత్తనం ఎవరూ వెయ్యలేదు, నీళ్ళు ఎవరూ పొయ్యలేదు. మధ్యాహ్నానికి కుండీల్లో మొక్కలన్నీ తలలు వేలాడేస్తుంటే ఇదొక్కటే ఏపుగా, నిగనిగలాడుతూ, గుత్తులు గుత్తులుగా కాయలతో నిలబడేది. మైకు వదిన దాన్ని చూపించని మనిషి లేడు. పాలవాణ్ణి కూడా పైకి ఎక్కించింది.

"నా చెయ్యి అలాంటిది. నేను పక్కనుంచి నడిచి వెళితే చాలు, సిమెంటు కూడా కాస్తుంది" అనేది. వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. పిచ్చిమొక్కల్లో మొలిచే టమాటాకి ఇంత ఊరేగింపా అనుకునేదాన్ని.

అదే రోజుల్లో చిన్నవదిన ముందుగది పైకప్పు మీద ఒక తడిమరక కనిపించింది. మొదట కంచమంత, తర్వాత దిండంత. ఆపైన పెచ్చులు రాలడం మొదలైంది. వేరే సమయమైతే తిట్టుకుని ఊరుకునేవాళ్ళమే. కానీ నర్సుగా చేస్తున్న చిన్నవదిన కూతురు నిండు నెలలతో ఉంది. వాళ్ళుండే ఊళ్ళో వాళ్ళకి ఒక్కటే ఇరుకు గది. కాన్పయ్యాక బిడ్డను తీసుకుని నెలాఖరుకల్లా ఇక్కడికి వచ్చేస్తానంది. చిన్నన్నయ్య సాయం కోసం ముందే అక్కడికి వెళ్ళాడు. గాలి వెలుతురు బాగా వచ్చేది ముందుగదే కాబట్టి, బిడ్డ మంచం అక్కడే వేసి ఉంచింది చిన్నవదిన. పెచ్చులు సరిగ్గా ఆ మంచం మీదే పడుతున్నాయి.

మెట్ల మీద జరిగింది గొడవ. నేను కింది మెట్టు మీద నిలబడి అంతా విన్నాను.

"అక్కా, నీ కుండీల నీళ్ళే ఇదంతా. పసిగుడ్డు మొహాన పెచ్చులు పడితే ఎవరిది పూచీ?"

"నా కుండీలన్నిటికీ కింద పళ్ళేలున్నాయి. చుక్క కారదు."

"మరి మా కప్పు తనంతట తానే ఏడుస్తోందా?"

"ఏమో, మీ పైపులేవో చూసుకోండి ముందు."

"మా పైపులు మా ఇంట్లో ఉంటాయి గానీ మా నెత్తి మీదుంటాయా అక్కా? నెత్తి మీదుంది నువ్వే." చిన్నవదిన కొంగు బిగించింది. "నర్సరీ అతనితో మాట్లాడాను. నెలాఖరులోగా బండి తీసుకొచ్చి కుండీలన్నీ పట్టుకుపోతాడు. డాబా ఖాళీ చేసెయ్యి."

మైకు వదిన మారుమాట్లాడలేదు. ఆ మౌనం చూస్తే నాకు భయం వేసింది. రిటైరైన కొత్తలో చూసిన మౌనం అదే. తోట పోతే ఈ మనిషి మళ్ళీ ఆ మూలకే పోతుంది, ఈసారి ఇక లేవదు. పెద్దన్నయ్యకీ అదే భయం. చిన్నవదిన వైపూ తప్పు లేదు, పసిపిల్ల కంటే సొరకాయ ఎక్కువా? నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలి వేసింది.

మర్నాడు బుట్ట దిగింది.

"దయచేసి వినండి. బీరకాయలతో కిందికి వెళ్ళు బుట్ట. మధ్యలో ఎక్కడా ఆగదు."

బుట్ట తన కిటికీ ముందు నుంచి జారిపోతుంటే చిన్నవదిన చూస్తూ నిలబడి, తర్వాత కిటికీ రెక్క ధడాలున వేసేసింది.

మైకు వదిన పరిశోధనకు దిగింది. ఇన్ని నవలలు చదివిన మనిషి కదా, మనకు దిగులెందుకు అనుకున్నాను. తీరా మొదటి ముద్దాయి నేనే అయ్యాను.

"నవలల్లో ఎప్పుడూ ఎవరి మీద అనుమానం రాదో వాళ్ళే చేస్తారు అమ్మాయ్" అంది నా కుట్టుమిషను ముందు కూర్చుని. "మోటారు స్విచ్చు ఉండేది నీ గదిలో. నువ్వు బట్టలు కుడుతూ మోటారు ఆపడం మర్చిపోతావు. ట్యాంకు పొంగుతుంది, డాబా తడుస్తుంది, కప్పు కారుతుంది. ఒప్పేసుకో."

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు నా మీద పడిందేమిటి! కత్తెర కింద పెట్టి చెడామడా తిట్టాను. ఆవిడ ఒక్క మాటకీ నొచ్చుకోలేదు. నేను మోటారు వేసినప్పుడల్లా గొడుగు పట్టుకుని ట్యాంకు పక్కన కాపలా కూర్చుంది. ట్యాంకు ఒక్కసారీ పొంగలేదు, మరక మాత్రం పెరిగింది. "నిన్ను నిర్దోషిగా విడుదల చేస్తున్నాను" అని పైనుంచే ప్రకటించింది, వీధి వీధంతా వినేలా. నేనేదో నేరం చేసి తప్పించుకున్నానని ఎదురింటివాళ్ళు ఇప్పటికీ అనుకుంటున్నారు.

తర్వాత ముందుగది మీదున్న కుండీలన్నిటినీ మొగుడూ పెళ్ళాలు రొప్పుతూ డాబా రెండో వైపుకి జరిపారు. అయినా పెచ్చులు రాలుతూనే ఉన్నాయి. ఆ సంగతి నేను చిన్నవదిన చెవిన వేస్తే, "ఇన్నేళ్ళు తాగిన నీళ్ళు కదా, కప్పు ఇప్పుడు కక్కుతోంది" అంది.

ఇంతలో కబురొచ్చింది. నర్సుకి ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. చిన్నవదిన మెట్లు దిగి వచ్చి నాతో చెప్పింది. మెట్లెక్కి పైకి వెళ్ళలేదు. ఎన్నో బస్సుల రాకపోకలు ఊరందరికంటే ముందు తెలుసుకున్న మనిషికి, ఇంట్లో పిల్ల పుట్టిన కబురు నా నోటి నుంచి చేరింది. మైకు వదిన కళ్ళు తుడుచుకుని, "పిల్ల గొంతు ఎలా ఉందట?" అని మాత్రం అడిగింది.

ఆ రోజు ఆవిడ చేతిలో ఒక నవల ఉంది. గొడవకు కాస్త ముందు చిన్నవదిన చదివేసి పైకి పంపినది. పెద్ద బంగళా, మాయమైన కెంపుల హారం, అందులో అరడజనుమంది అనుమానితులు. అలవాటు ప్రకారం చివరి అధ్యాయం తిప్పబోతే అది లేదు. కుట్టు ఊడిన పాత పుస్తకం, ఆఖరి కాగితాలు ఎక్కడో జారిపోయాయి. "చూసి తేవద్దూ? కొట్టువాడు దొంగ లేని నవల అంటగట్టాడు నీకు" అని నన్ను సాధించింది. నాకు వింతగా ఉంది. నేను చదివినప్పుడు ఆ కాగితాలున్నాయి. దొంగ ఎవరో చెప్పమని బతిమాలింది. మోటారు కేసు గుర్తుపెట్టుకుని నేను చెప్పలేదు.

గతిలేక ఆవిడ మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. చదివి, మళ్ళీ వెనక్కి తిప్పి, మొదటి అధ్యాయం ఇంకోసారి చదివి, ఒక సాయంత్రం పెద్దన్నయ్యను గట్టిగా కేకేసింది.

"ఏమండీ! ఈ రచయిత దొంగను మొదట్లోనే చూపించేశాడు. గుమ్మంలో నవ్వుతూ నిలబెట్టాడు. అందరూ మెచ్చుకుంటారు, ఎవరూ అనుమానించరు!"

"చెప్పకే తల్లీ, నేనింకా చదవలేదు" అన్నాడు పెద్దన్నయ్య చెవులు మూసుకుని.

ఆవిడ మాత్రం చేతిలో పుస్తకం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత ఆవిడే నాతో చెప్పింది, అప్పుడు బుర్రలో ఏం తిరిగిందో. మన కథలో మొదటి పేజీ ఏది? మరక కాదు. మరకకు ముందు ఈ డాబా మీద కొత్తగా ఏమొచ్చింది? అందరూ మెచ్చుకున్నదీ, ఎవరూ అనుమానించనిదీ ఏది?

మెల్లగా తల తిప్పి టమాటా మొక్కను చూసింది. ఎవరూ నీళ్ళు పొయ్యని మొక్క మండుటెండలో అంత పచ్చగా ఎలా ఉంది?

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇంకొకరైతే వెంటనే కిందికి పరుగెత్తేవాళ్ళు. మైకు వదిన నోరు మూసుకుంది. నాకు ఈ కథ మొత్తంలో నమ్మశక్యం కానిది ఇదొక్కటే. నా ఒక్కదాన్నీ పైకి పిలిచి, మొక్కకు ఎగువనున్న సోలారు హీటరు చూపించింది. అది చిన్నవదిన వాళ్ళది. పెద్దన్నయ్య, మైకు వదిన ఊళ్ళో లేనప్పుడు పెట్టించుకున్నారు. పైపు వెనక గోడ వెంట తిన్నగా కిందికి దిగిందని మా అందరి నమ్మకం. కరివేపాకు కుండీలు జరిపి చూస్తే, గోడ దాకా వెళ్ళనే లేదు, డాబా సిమెంటులోకి దూరి మాయమైంది. దూరిన దిక్కు మాత్రం టమాటా మొక్క వైపే.

"ఇప్పుడే చిన్నొదినని పిలుద్దాం" అన్నాను.

"ఆగు. అనుమానం వేరు, సాక్ష్యం వేరు" అంది గంభీరంగా. హీటరు వాల్వు బిగించింది. ఆ ఎండల్లో వేడినీళ్ళు ఎవరికి కావాలి గనక, కింద ఎవరికీ తెలియనే లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ టమాటా మొక్క గుడ్డపీలికలా వాలిపోయింది. సాయంత్రం వాల్వు తిప్పింది. పొద్దున్నే వెళ్ళి చూద్దును కదా, ఏమీ ఎరగనట్టు నిటారుగా నిలబడి ఉంది. మైకు వదిన నా భుజం మీద ఒక్క చరుపు చరిచింది. ఆ నొప్పి చాలాసేపు ఉంది.

నర్సరీ బండి వచ్చిన రోజునే ఆవిడ తీర్పు పెట్టుకుంది. నవల చివర్లో అందర్నీ ఒక హాల్లో కూర్చోబెడతారు చూడండి, అచ్చం అలాగే డాబా మీద కుర్చీలు వేయించింది. చిన్నవదిన రానంటే నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. పెద్దన్నయ్య, నేను, నర్సరీ అతను, పలుగు పట్టుకుని ప్లంబరు. ముందు రోజు మళ్ళీ వాల్వు కట్టేసి ఉంచింది కాబట్టి టమాటా మొక్క వడలిపోయి ఉంది.

"దయచేసి వినండి" అంది మైకు వదిన. పక్కవీధిలో కుక్క మొరిగింది. "ఈ ఇంట్లో నేరం జరిగింది. నేరస్థుడు ఈ డాబా మీదే ఉన్నాడు. సాక్షి ఇదిగో."

అందరం టమాటా వైపు చూశాం.

"టమాటా మొక్క సాక్ష్యం చెప్తుందా అక్కా?" అంది చిన్నవదిన మొహం ముడుచుకుని.

"మనుషుల్లా అబద్ధం చెప్పదు. నేనే గొప్పలు పోయాను, నా చేతి మహిమ అని. నా చేతిది కాదు, నీ హీటరుది. నీళ్ళు కట్టేస్తే ఇది వాలిపోతోంది, వదిలితే లేస్తోంది. దీని దాహం తీరుస్తున్నది నీ పైపే." తర్వాత ప్లంబరు వైపు తిరిగింది. "కొట్టు బాబూ. సరిగ్గా దీని వేళ్ళ దగ్గర."

తనే వంగి, వేళ్ళు తెగకుండా నెర్రెలోంచి మొక్కను జాగ్రత్తగా లాగి చేతుల్లోకి తీసుకుంది. అన్నాళ్ళు ఊరంతటికీ చూపించుకున్న మొక్కను ఒక తడిగుడ్డలో చుడుతుంటే పెద్దన్నయ్య చూడలేక మొహం తిప్పుకున్నాడు. ప్లంబరు సిమెంటు పగలగొట్టాడు. పైపు అడ్డంగా, సరిగ్గా ముందుగది మీదుగా పోతోంది. వెనక గోడ దాకా వెళ్ళడానికి బద్ధకించి ఎవరో దగ్గరి దారిలో పూడ్చేశారు. వాల్వు తిప్పగానే అతుకు దగ్గర నుంచి నీళ్ళు బుడబుడమంటూ ఉబికాయి. చిన్నవదిన వంగి వేళ్ళు తడిపి చూసుకుంది. గోరువెచ్చగా ఉన్నాయి.

"మా పైపే" అంది. "మా నెత్తి మీదే." ఆ తర్వాత కూర్చుని ఏడ్చేసింది. "పిల్ల పుట్టిన కబురు కూడా నీకు చెప్పలేదక్కా."

"నేనైతే ఊరంతా చెప్పేదాన్ని, అందుకని భయపడి ఉంటావులే" అంది మైకు వదిన. ఆ ఏడుపులోనే ఇద్దరూ నవ్వేశారు. నర్సరీ అతను బండి ఖాళీగా తీసుకుపోతుంటే పెద్దన్నయ్య పిట్టగోడ మీద నుంచి వంగి చప్పట్లు కొట్టాడు. బస్సు నడిపినన్నాళ్ళూ హారన్ కూడా గట్టిగా కొట్టని మనిషి, అంత ఆనందం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

పైపు మార్చారు. కప్పు ఎండింది, సున్నం పడింది. టమాటా మొక్క ఒక బకెట్టులోకి, అదే పాత పగిలిన బెండ బకెట్టులోకి మారింది. బతకదని మేమంతా అన్నాం. ఆవిడ గోనెపట్టా నీడ కట్టి, పక్కన కూర్చుని దానితో మాట్లాడింది. వారం తిరక్కుండా కొత్త చిగురు వేసింది. "ఇప్పుడు చెప్పండి, ఎవరి చెయ్యి?" అని మా అందరినీ నిలదీసింది.

నెలాఖరుకి నర్సు బిడ్డతో దిగింది. మర్నాడు చిన్నవదిన తాడు గుంజింది. మైకు వదిన బుట్ట పైకి లాగితే, అడుగున నాలుగు కాగితాలు, ఊడిపోకుండా పిన్నీసు గుచ్చి ఉన్నాయి. ఆ నవల చివరి అధ్యాయం.

"నేనే తీసి దాచానక్కా" కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పింది చిన్నవదిన. "బావగారు ఒక్క నవలైనా ప్రశాంతంగా చదువుకుంటారని. గొడవ తర్వాత ఇవ్వడానికి మొహం చెల్లలేదు. చదువుకో, దొంగ ఎవరో ఉంది."

మైకు వదిన పిన్నీసు తియ్యలేదు. ఆ కాగితాలు అలాగే పెద్దన్నయ్య చేతిలో పెట్టింది.

"నాకక్కర్లేదు. నేను కనిపెట్టేశాను" అంది. అక్కడే ఉన్న నా చెవిలో పేరు చెప్పింది. సరిగ్గా వాడే. పెద్దన్నయ్యకి మాత్రం చెప్పలేదు, ఆయన చదవడం పూర్తయ్యేదాకా నోట్లో నువ్వుగింజ నానింది.

తర్వాత బకెట్టు మొక్కకి పండిన మొదటి టమాటా కోసి బుట్టలో పెట్టింది. నేను కిందికి దిగి నా కిటికీ దగ్గర చెవులు రిక్కించి కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. ఏమైందా అని బయటికొచ్చి తలెత్తి చూశాను. మధ్య కిటికీలో నర్సు ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. పైన మైకు వదిన పిట్టగోడ మీద వాలి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఇన్నేళ్ళలో మేమెవరం వినని గొంతుతో, పిల్లకి నిద్రాభంగం కాకుండా గుసగుసగా చెబుతోంది.

"దయచేసి వినండి. ఒక టమాటాపండుతో కిందికి వెళ్ళు బుట్ట బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. మధ్య అంతస్తులో ఆగును."